కళింగపట్నానికీ గోపాల్‌పూర్‌కీ మధ్య ఎక్కడ?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, నాలుగున్నరకూ ఐదున్నరకూ మధ్య, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉండుండి 165 దాకా విసిరింది. తెల్లారేసరికి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరిచెట్లు మొదళ్లతో ఒరిగిపోయి ఉన్నాయి. జీడిచెట్లు, పనసచెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో చాలా ఇళ్లకు ఆ రాత్రి పోయింది ఒక ఏటి పంట మాత్రమే కాదు, ఒక తరం కష్టం.

అంతకుముందు వచ్చిన హెచ్చరికల్లో తుపాను గోపాల్‌పూర్‌కీ కళింగపట్నానికీ మధ్య తీరం దాటుతుందని ఉంది. ఈ రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిస్తే సుమారు 130 కిలోమీటర్లు. వజ్రపుకొత్తూరు దాదాపు ఆ నడిమిన ఉంటుంది. నువ్వలరేవులో పడవలు ఎంత పైకి లాగి కట్టాలి, మంచినీళ్లపేటలో ముసలివాళ్లను ముందుగా ఎక్కడికి తరలించాలి అన్నవి ఆ 130 కిలోమీటర్లలో ఎక్కడ అన్న దాన్నిబట్టే తేలతాయి. ఆ ప్రశ్నకు జవాబు వెతికేది వాతావరణ శాస్త్రజ్ఞులు, ఉపగ్రహాలు, విశాఖపట్నం రాడార్‌తో పాటు, ఒకే లెక్కను కోటానుకోట్ల సార్లు కట్టే ప్రాసెసర్లు కూడా.

పాత ప్రాసెసర్‌కీ కొత్త ప్రాసెసర్‌కీ తేడా ఏమిటని అడిగితే ఎక్కువమంది గిగాహెర్ట్జ్ అంకె చెబుతారు, లేదా కోర్ల లెక్క చెబుతారు. పెట్టె మీద అచ్చువేసిన అంకెలవి. ఒక నిజమైన పనిని ముందు పెట్టుకుని, ఆ పని చేసిన పాత యంత్రాన్నీ కొత్త యంత్రాన్నీ పక్కపక్కన నిలబెడితే తప్ప అసలు తేడా తెలియదు. ఉద్దానం తీరానికి తుపాను జాడ చెప్పడం కన్నా పెద్ద పని ఏముంటుంది? అందుకని ఈ అధ్యాయంలో రెండు యంత్రాలను పోలుద్దాం. ఒకటి 1989లో ఢిల్లీలో మొదలైన క్రే ఎక్స్-ఎంపీ. రెండోది తిత్లీ వచ్చిన ఏడాదే, 2018 జనవరిలో పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ ఐఐటీఎంలో ప్రారంభమైన ప్రత్యూష్. దానికి జోడీగా నోయిడాలో మిహిర్ అనే యంత్రం కూడా అప్పుడే వచ్చింది.

క్రే ఎక్స్-ఎంపీ మనకు సులువుగా రాలేదు. భారత్ అడిగింది రెండు ప్రాసెసర్లున్న ఎక్స్-ఎంపీ/24. అమెరికా ఇచ్చింది ఒక్క ప్రాసెసర్ ఉన్న ఎక్స్-ఎంపీ/14. ఆ పేర్లలో మొదటి అంకె ప్రాసెసర్ల సంఖ్య. రెండోది జ్ఞాపకశక్తి ఎంతో చెబుతుంది: 4 అంటే 40 లక్షల సంఖ్యలు పట్టే మెమరీ, మనం నేడు వాడే కొలతలో 32 మెగాబైట్లు. ఇంత చిన్న యంత్రాన్ని అణు పరిశోధనకు వాడతారేమో, క్షిపణులకు వాడతారేమో అన్న అనుమానాల మధ్య, వాతావరణ లెక్కలకే వాడాలన్న షరతులతో పంపారు. 1969 నాటికే టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసిన దేశం మనది. అయినా వాతావరణ లెక్క కట్టే వేగం మాత్రం అప్పుడు మన చేతిలో లేదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. ఎక్స్-ఎంపీ కుటుంబంలో గడియారం టిక్కు 9.5 నానోసెకన్లు. తర్వాతి యంత్రాల్లో 8.5. అంటే 105 నుంచి 118 మెగాహెర్ట్జ్. ప్రతి టిక్కులో ఒక కూడిక, ఒక గుణకారం పూర్తి చేయగలదు. అలా ఎక్కువలో ఎక్కువ సెకనుకు 23 కోట్ల దశాంశ లెక్కలు. ప్రత్యూష్‌లో ఉన్నవి ఇంటెల్ జియాన్ చిప్పులు, బ్రాడ్‌వెల్ తరానివి. వాటి టిక్కు 2.1 గిగాహెర్ట్జ్. ఒక్కో చిప్‌లో 18 కోర్లు, మొత్తం యంత్రంలో 1,19,232 కోర్లు. గరిష్ఠ వేగం 4 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 40 కోట్ల కోట్ల లెక్కలు.

ఒకదాన్ని మరోదానితో భాగిస్తే సుమారు కోటీ డెబ్బై లక్షల రెట్లు వస్తుంది. మూడు దశాబ్దాల్లో! ఈ అంకెను విడగొట్టి చూడాలి, అసలు కథ అందులోనే ఉంది. గడియారం వేగం పెరిగింది 18 రెట్లు మాత్రమే. ఒక్కో కోరు ఒక్క టిక్కులో చేసే లెక్కలు 2 నుంచి 16కి పెరిగాయి, అది 8 రెట్లు. మిగతా లక్షా పంతొమ్మిది వేల రెట్లూ కేవలం కోర్ల సంఖ్య. పద్దెనిమిదిని ఎనిమిదితో, దాన్ని 1,19,232తో హెచ్చవేస్తే ఆ కోటీ డెబ్బై లక్షలు సరిగ్గా వస్తాయి.

ఒక్క మనిషి వేగంగా పరిగెత్తడం నేర్చుకోవడం వల్ల వచ్చిన ప్రగతి కాదిది. లక్షమంది కలిసి పనిచేయడం నేర్చుకోవడం వల్ల వచ్చింది. ఈ దారిని ముందే పట్టుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్‌లో 1986లో ఫ్లోసాల్వర్ అనే యంత్రం కట్టారు. అందులో వాడింది ఆనాటి మామూలు పర్సనల్ కంప్యూటర్లలో దొరికే ఇంటెల్ 8086 ప్రాసెసర్లు, వాటికి లెక్కల సాయంగా 8087లు. విడిగా చూస్తే క్రే ముందు అవి ఏపాటివీ కావు. వాటిని కలిపి ఒకే లెక్క కట్టించడమే అక్కడి గొప్పతనం. 1991లో సీడాక్ తెచ్చిన పరమ్ 8000 కూడా అదే దారిలో నడిచింది. కోరినది ఇవ్వకపోతే దొరికినవాటిని కలుపుకుని పని చేసుకున్న ఆ శాస్త్రజ్ఞులకు ఈ తీరం రుణపడి ఉందని నా నమ్మకం.

గడియారం వేగం ఎందుకు ఆగిపోయింది? ఇది 2004 నాటి కథ. 2000 నవంబర్‌లో పెంటియం-4 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌లతో వచ్చింది. ఒక్కో ఆదేశాన్ని ఇరవై మెట్లుగా చీల్చి, ఒక్కో మెట్టు పని బాగా చిన్నది చేసి, గడియారాన్ని వేగంగా తిప్పారు. దాంతో అంకె పెరిగింది గానీ కొన్ని పనుల్లో 1 గిగాహెర్ట్జ్ పెంటియం-3 దాన్ని దాటేసింది. ప్రోగ్రాం మధ్యలో ఊహించని దారి పట్టినప్పుడల్లా ఇరవై మెట్లలో ఉన్న సగం పనిని పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సి రావడం దీనికి ఒక పెద్ద కారణం. 2004లో ప్రెస్కాట్ అనే రకంలో మెట్లు 31 అయ్యాయి, ఆ ఏడాది చివరికి 3.8 గిగాహెర్ట్జ్ చేరారు. ఒక్క చిప్ 115 వాట్ల వేడి కక్కింది. 4 గిగాహెర్ట్జ్ చిప్ తెస్తామన్న ఇంటెల్ ఆ అక్టోబర్‌లో ఆ ప్రయత్నం విరమించుకుంది.

దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ 1974లో ఒక సంగతి చూపించాడు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేస్తూ వోల్టేజీని కూడా అదే పాళ్లలో తగ్గిస్తే, వేగం పెరిగినా చిప్ వైశాల్యానికి పుట్టే వేడి పెరగదు. ముప్పై ఏళ్లు పరిశ్రమ దీనిమీదే బతికింది. 2005 ప్రాంతానికి వచ్చేసరికి వోల్టేజీ ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆపి ఉంచినప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజీ తగ్గకపోతే వేగంతో పాటు వేడీ పెరుగుతుంది. గడియారం అక్కడ ఆగింది. అప్పటినుంచి సర్వర్ చిప్పుల గడియారం 2, 3 గిగాహెర్ట్జ్ దగ్గరే ఊగుతోంది.

అయినా 2004 నాటి 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం-4ను, ప్రత్యూష్‌లోని 2.1 గిగాహెర్ట్జ్ కోరుతో పోల్చి చూడండి. పెంటియం-4 టిక్కుకు రెండు దశాంశ లెక్కలు చేస్తుంది, సెకనుకు 760 కోట్లు. బ్రాడ్‌వెల్ కోరు టిక్కుకు పదహారు చేస్తుంది, సెకనుకు 3,360 కోట్లు. టిక్కు దాదాపు సగమే, పని నాలుగు రెట్లకు పైగా. అదీ ఒక్క కోరు. గిగాహెర్ట్జ్ చూసి ప్రాసెసర్ కొనే అలవాటు మన పట్టణాల్లో ఇంకా పోలేదు. పోవాలి.

అలాగని ప్రతి పనికీ కొత్తది కావాలనీ కాదు. చిన్న పట్టణాల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు వేసిన పెంటియం-4లు ఏళ్ల తరబడి నడిచాయి. టైపు చేసే వేళ్ల కోసం ప్రాసెసర్ ఎదురుచూసే పని అది. అక్కడ కొత్త చిప్ పెట్టినా పత్రిక ఒక్క నిమిషం కూడా ముందు పూర్తికాదు. తుపాను లెక్కలో మాత్రం ప్రాసెసర్ కోసం తీరమంతా ఎదురుచూస్తుంది.

ఇక పాత క్రే కొత్తదాన్ని మించిన చోటు ఒకటుంది. ఎక్స్-ఎంపీ ప్రాసెసర్ ప్రతి టిక్కులో మెమరీ నుంచి రెండు సంఖ్యలు తెచ్చుకుని ఒక సంఖ్యను తిరిగి రాయగలదు. అంటే రెండు లెక్కలకు మూడు సంఖ్యల రాకపోకలు. లెక్క కట్టే వేగానికి మెమరీ పెద్దగా వెనకబడేది కాదు. బ్రాడ్‌వెల్ చిప్ 18 కోర్లతో సెకనుకు 60,480 కోట్ల లెక్కలు చేయగలదు. దాని మెమరీ దారి మాత్రం సెకనుకు 76.8 గిగాబైట్లు, అంటే 960 కోట్ల సంఖ్యలు. అరవై మూడు లెక్కలకు ఒక్క సంఖ్య! లెక్కకు ఇంత మెమరీ అన్న నిష్పత్తిలో కొత్త చిప్ పాత క్రే కన్నా తొంభై రెట్లకు పైగా పేదది.

పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఉడికించిన పిక్కలను కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల చేతులు ఎంత వేగంగా ఆడతాయో చెప్పనక్కర్లేదు. పద్దెనిమిది మందిని కూర్చోబెట్టినా, గోదాము నుంచి 80 కిలోల బస్తాలు ఒకే ఒక్క మనిషి మోసుకురావాలంటే, సగం పూట చేతులు ఖాళీగా ఉంటాయి. కూలీల సంఖ్యను చూపి ఫ్యాక్టరీ ఇంత పప్పు తీస్తుందని చెప్పడం ఎలాంటిదో, కోర్లను హెచ్చవేసి గరిష్ఠ వేగం చెప్పడం అలాంటిది. ఈ ఇబ్బంది దాటడానికి ఒక్కో మనిషి పక్కన పిక్కల గంప పెట్టినట్టు, చిప్ లోపలే చిన్న వేగవంతమైన మెమరీ పెడతారు. దాన్నే క్యాష్ అంటాం. ప్రత్యూష్‌లోని ఒక్కో చిప్ లోపల ఈ క్యాష్ 45 మెగాబైట్లు. ప్రధానమంత్రి స్థాయిలో మాట్లాడి తెచ్చుకున్న ఆ క్రే యంత్రం మొత్తం మెమరీ 32 మెగాబైట్లు. ఆ మొత్తం మెమరీ నేటి చిప్ లోపలి క్యాష్‌లో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది.

సూపర్‌కంప్యూటర్లకు ర్యాంకులిచ్చే టాప్500 జాబితా 1993 నుంచి వస్తోంది. దానికి వాడే పరీక్ష లిన్‌ప్యాక్, అంటే పెద్ద సమీకరణాల గుంపును సాధించడం. ఒకసారి తెచ్చుకున్న సంఖ్యను చాలాసార్లు వాడుకోగల పని కాబట్టి ప్రత్యూష్ అందులో తన గరిష్ఠంలో 94 శాతం చూపించింది. వాతావరణ లెక్కల్లో అలా కుదరదు. ప్రతి గడిలోనూ గాలి, తేమ, ఉష్ణోగ్రత, పీడనం తెచ్చుకోవాలి, పక్క గడులవీ చూసుకోవాలి, కాస్త లెక్క కట్టి తిరిగి రాయాలి. అందుకే ఇలాంటి ప్రోగ్రాములు సాధారణంగా గరిష్ఠ వేగంలో పదో వంతు కూడా అందుకోవు. ర్యాంకుల జాబితాలను నేను శ్రద్ధగా చదువుతాను, కానీ తుపాను విషయంలో వాటిని నమ్ముకోను.

మరి ఆ కోటీ డెబ్బై లక్షల రెట్లు ఎటు పోయాయి? జోస్యం కోటి రెట్లు మెరుగుపడలేదు కదా. ఇక్కడే గడుల సంగతి వస్తుంది.

భూగోళం చుట్టూ ఉన్న వాతావరణాన్ని కంప్యూటర్ గడులుగా చీలుస్తుంది. 1990ల్లో ఢిల్లీలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం నడిపిన టీ-80 నమూనాలో ఒక్కో గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు, ఎత్తుకి 18 పొరలు. కళింగపట్నం నుంచి గోపాల్‌పూర్ దాకా ఉన్న తీరమంతా అందులో ఒక్క గడి. కళింగపట్నం, భావనపాడు, వజ్రపుకొత్తూరు, బారువ, ఇచ్ఛాపురం, ఆ వెనకున్న కొండలు, అన్నిటికీ కలిపి ఒకే గాలి, ఒకే వాన. పలాసకు ఉత్తరంగా, ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి ఆ లెక్కలో లేదు, చుట్టుపక్కల మైదానంతో సరాసరి అయి కలిసిపోయింది. తుపాను కన్ను వ్యాసం పదుల కిలోమీటర్లు. 150 కిలోమీటర్ల గడిలో తుపాను ఆకారమే నిలవదు.

2018లో ప్రత్యూష్, మిహిర్‌ల మీద నడిచిన నమూనాలో గడి 12 కిలోమీటర్లకు తగ్గింది. కళింగపట్నం నుంచి గోపాల్‌పూర్ దాకా ఇప్పుడు పది, పదకొండు గడులు. వజ్రపుకొత్తూరుకీ సోంపేటకీ వేర్వేరు గాలి లెక్క కట్టొచ్చు. దీనికయ్యే ఖర్చు చూడండి. గడి వెడల్పు సగం చేస్తే నేల మీద గడులు నాలుగింతలవుతాయి. అంతటితో ఆగదు. ఒక్కో అడుగులో గాలి ఒక గడిని దాటిపోకూడదు కాబట్టి, గడి చిన్నదైతే కాలంలో వేసే అడుగూ చిన్నదవ్వాలి, అడుగులు రెట్టింపవుతాయి. మొత్తం ఎనిమిదింతల పని. 150 నుంచి 12కి రావడమంటే పన్నెండు రెట్ల సన్నదనం, పన్నెండును మూడుసార్లు హెచ్చవేస్తే సుమారు 1,700 రెట్లు. పొరలు 18 నుంచి 64కి పెరిగాయి, దాంతో ఆరు వేల రెట్లు దాటింది.

2018 జూన్ 1న ఇంకొకటి మొదలైంది. అప్పటినుంచి ఇదే 12 కిలోమీటర్ల నమూనాను ఒక్కసారి కాక 21 సార్లు నడుపుతున్నారు. ప్రతిసారీ మొదటి సంఖ్యలను కొద్దిగా మారుస్తారు. బంగాళాఖాతం మధ్యలో ఈ క్షణాన గాలి ఎంతో ఎవరికీ కచ్చితంగా తెలియదు, ఆ తెలియనితనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం ఇది. ఇరవై ఒక్క దారులూ దగ్గర దగ్గరగా వస్తే నమ్మకంగా చెప్పొచ్చు, విడిపోతే హెచ్చరికను ఇంకా పొడవైన తీరానికి ఇవ్వాలి. ఆరు వేలను ఇరవై ఒకటితో హెచ్చవేస్తే లక్షా పాతిక వేల రెట్లు దాటుతుంది. ఉపగ్రహాల సమాచారాన్ని లెక్కలోకి కలిపే పని, మేఘాలు, నేల తడి, సముద్రం వేడి లాంటి వివరాలు మిగతా శక్తిని తినేస్తాయి.

కోర్లు ఎన్ని పెట్టినా లొంగనిది ఒకటుంది, అది కాలం. భూమిని గడులుగా పంచి లక్ష కోర్లకు ఇవ్వొచ్చు, కానీ మధ్యాహ్నం లెక్క అయ్యాకే సాయంత్రం లెక్క మొదలవుతుంది. రేపటిని ఒక కోరుకీ ఎల్లుండిని ఇంకో కోరుకీ ఇవ్వలేం. ఒక్కో అడుగు తర్వాతా కోర్లన్నీ పక్కవాటితో సంఖ్యలు ఇచ్చిపుచ్చుకోవాలి, అన్నిటికన్నా ఆలస్యమైన దాని కోసం మిగతావి ఆగాలి. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం ఇదే: పంచలేని భాగం ఎంత చిన్నదైనా, చివరికి మొత్తం వేగాన్ని అదే నిర్ణయిస్తుంది. గడియారం ఆగిపోయిన నష్టం మనకు సూటిగా తగిలేది ఇక్కడే. 21 సార్లు నడిపే పద్ధతికి మాత్రం ఈ బాధ తక్కువ. ఒక దారి లెక్కకు ఇంకో దారితో పనిలేదు.

ఫలితం? వాతావరణ శాఖ ఇరవై నాలుగు గంటల ముందు చెప్పిన చోటుకీ తుపాను నిజంగా ఉన్న చోటుకీ తేడా, ఈ శతాబ్దం మొదటి దశకంలో సగటున వంద కిలోమీటర్లు దాటి ఉండేది. 2018 నాటికి వందలోపుకి దిగింది. ఘనత ప్రాసెసర్లదే అని అనను, ఉపగ్రహాలకీ రాడార్లకీ శాస్త్రజ్ఞుల అనుభవానికీ అందులో పెద్ద వాటా ఉంది. కానీ ఆ సమాచారాన్ని వేళకి లెక్కగా మార్చే యంత్రం లేకపోతే అదంతా కాగితాల మీదే ఉండిపోతుంది. తిత్లీలో కష్టమైంది తీరం దాటాక. తుపాను ఈశాన్యానికి తిరిగి ఒడిశా కొండల మీద కుండపోతగా కురిసింది. గజపతి జిల్లాలో కొండచరియ విరిగి జనం చనిపోయారు, వంశధార, మహేంద్రతనయ పొంగాయి. ఏ వాలు మీద ఎంత వాన పడుతుందో చెప్పడానికి 12 కిలోమీటర్ల గడి కూడా పెద్దదే. కొండ వాలు అంతకన్నా చిన్నది.

ఇక జేబులోని ఫోను సంగతి. ఒక మధ్యరకం స్మార్ట్‌ఫోన్ తీసుకోండి. కార్టెక్స్-ఏ76 రకం పెద్ద కోరు ఒక్కటి, 2 గిగాహెర్ట్జ్ దగ్గర, సెకనుకు 1,600 కోట్ల దశాంశ లెక్కలు చేయగలదు. క్రే ఎక్స్-ఎంపీకి దాదాపు డెబ్బై రెట్లు. వేడెక్కగానే ఫోను తన వేగం తానే తగ్గించుకుంటుంది, కనుక గంటల తరబడి అలా నడవలేదు. అయినా 1989లో దేశం మొత్తానికి వాతావరణం చెప్పిన శక్తి, పూండి రైల్వే స్టేషన్‌లో బండి కోసం నిలబడ్డ మనిషి చేతిలో ఉంది. దీనికి సరదా అయిన నిరూపణ ఒకటుంది. 1950లో చార్నీ, వాన్ నాయ్‌మన్‌ల బృందం ఎనియాక్ మీద మొట్టమొదటి కంప్యూటర్ వాతావరణ సూచన చేసింది. ఇరవై నాలుగు గంటల సూచనకు యంత్రానికి దాదాపు ఇరవై నాలుగు గంటలే పట్టింది. ఐర్లండ్ వాతావరణ శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ అదే లెక్కను 2008లో ఒక నోకియా 6300 ఫోనులో నడిపాడు. ఒక్క సెకను కూడా పట్టలేదు. అది స్మార్ట్‌ఫోన్ కూడా కాదు, బటన్ల ఫోను.

తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, స్తంభాలు కూలి టవర్లు మూగబోయాయి. చార్జింగ్ లేని ఫోనులో ప్రాసెసర్ ఎంతటిదైనా ఒక్కటే. హెచ్చరిక తుపానుకి ముందే చేరాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, చేపలు దొరికే చోట్ల సూచనలు పంపేది కూడా పడవ తీరం వదలకముందే అందాలని.

2024 సెప్టెంబర్ 26న ప్రత్యూష్, మిహిర్‌ల స్థానంలో కొత్తవి వచ్చాయి: పుణేలో అర్క, 11.77 పెటాఫ్లాప్స్, నోయిడాలో అరుణిక, 8.24. వీటిలోవి ఏఎండీ ఎపిక్ చిప్పులు. ఒక్కో చిప్‌లో 48 కోర్లు, గడియారం 2.3 గిగాహెర్ట్జ్. ప్రత్యూష్ 2.1తో పోలిస్తే టిక్కు దాదాపు కదల్లేదు. కోర్లు పెరిగాయి, క్యాష్ 256 మెగాబైట్లకు పెరిగింది. మెమరీ దారి కూడా పెరిగింది గానీ, అరవై, డెబ్బై లెక్కలకు ఒక సంఖ్య అన్న నిష్పత్తి అలాగే ఉంది. 2025 మే 26న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం 6 కిలోమీటర్ల గడులతో మొదలైంది. 12 నుంచి 6కి వస్తే పని ఎనిమిదింతలు కావాలి, అర్క ప్రత్యూష్‌కి మూడింతలు మాత్రమే. అందుకని భూమి మీద గడులు పరిచే తీరును మార్చారు, లెక్క పద్ధతినీ మార్చారు. ప్రాసెసర్లను పోల్చేవాళ్లు తరచూ వదిలేసే భాగం ఇది. మంచి లెక్క పద్ధతి కొన్నిసార్లు కొత్త చిప్ కన్నా ఎక్కువ వేగమిస్తుంది, కరెంటు ఖర్చు లేకుండా.

ఇప్పుడు పోలిక మళ్లీ మారుతోంది. గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు 2023లో ప్రచురించిన గ్రాఫ్‌క్యాస్ట్ గాలి, నీటి సమీకరణాలను సాధించదు. గతంలో వాతావరణం ఎలా మారిందో చూసి నేర్చుకుంటుంది. కృత్రిమ మేధ కోసం చేసిన ఒక్క టీపీయూ చిప్ మీద పది రోజుల సూచన నిమిషంలోపు ఇస్తుంది. ఇలాంటి పనికి గ్రాఫిక్స్ ప్రాసెసర్లు, టీపీయూలే సరైనవి, వాటిముందు జియాన్, ఎపిక్‌లు పాతవే. తుపాను దారిని గ్రాఫ్‌క్యాస్ట్ బాగా పట్టుకుంటోంది. గాలి తీవ్రతను మాత్రం మెత్తబరిచి చూపే గుణం ఉంది. అది నేర్చుకున్నది ఐరోపా వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ5 అనే గత వాతావరణ సంకలనం నుంచి. ఆ సంకలనాన్ని లెక్కగట్టినవి ప్రత్యూష్ కాలపు మామూలు ప్రాసెసర్లే, పాత పద్ధతి సమీకరణాలతోనే. గ్రాఫ్‌క్యాస్ట్‌కు 1979 నుంచి 2017 దాకా చదివించి, 2018 సంవత్సరం మీద పరీక్ష పెట్టారు. తిత్లీ వచ్చింది ఆ ఏడాదే. ఈఆర్ఏ5లో గడి సుమారు 31 కిలోమీటర్లు కాబట్టి మహేంద్రగిరి వాలు మీద పడిన వాన అందులో ఉన్నది ఉన్నట్టుగా లేదు. ఆ వాన చెప్పాలంటే చిన్న గడుల లెక్కను అర్క, అరుణికలు ఇంకా కడుతూనే ఉండాలి.